పరుగెత్తితే మోకాలు మొరాయిస్తోందా?

తెల్లారగట్లే లేచి, వంటపని మొదలుపెట్టేలోగా ఓ అరగంట పార్కులో పరుగెత్తి వస్తున్నారు. ఒళ్ళు తేలికపడిందని మురిసిపోయేలోగానే మోకాలు సలపడం మొదలైంది. మెట్లు దిగుతుంటే చిప్ప వెనకాల కలుక్కుమంటోంది. కత్తిపీట ముందునుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. "ఈ వయసులో పరుగులేమిటి? మోకాళ్ళు అరిగిపోతాయి!" అని ఇంట్లోవాళ్ళు అనగానే బూట్లు అటకెక్కించేశారు, అవునా? తొందరపడకండి.

పరుగు మొదలుపెట్టాక వచ్చే ఇలాంటి నొప్పి చాలామందిలో అరుగుదల కాదు. మోకాలు వంచి చాచినప్పుడల్లా చిప్ప, తొడ ఎముక మీది గాడిలో జారుతూ ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచేవి తొడ కండరాలు, తుంటి కండరాలు. వాటికి బలం చాలకముందే పరుగు పెంచేస్తే భారం చిప్ప మీద పడుతుంది. మొదటి వారం పది నిముషాలు, రెండో వారమే అరగంట పరుగెత్తితే మోకాలు మొరాయించదూ?

అలాగని పూర్తిగా మానక్కర్లేదు, తగ్గించండి. రోజు విడిచి రోజు, రెండు నిముషాలు నడక, ఒక నిముషం మెల్లని పరుగు చాలు. అంగలు చిన్నవిగా వేయండి. కాస్త నొప్పి వచ్చినా మర్నాటికి తగ్గితే ఫరవాలేదు. మర్నాడు ఎక్కువైతే, మీరు మోతాదు మించారన్నమాట.

నొప్పిగా ఉన్నప్పుడు ఐసుముక్కలు టవల్లో చుట్టి 10 - 15 నిముషాలు ఉంచితే ఉపశమనం కలుగుతుంది. కొన్నాళ్ళు కూరలు తరగడం కుర్చీలో కూర్చునే చేసుకోండి.

అసలు మందు మాత్రం కండరాలకు బలమే. ఈ మూడూ రోజు విడిచి రోజు, పదేసి సార్లు చేయండి. మొదటి రెండూ ఒక కాలితో అయ్యాక రెండో కాలితోనూ చేయాలి.

* వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి. రెండో కాలు తిన్నగా అడుగు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి దించండి.

* పక్కకు తిరిగి పడుకుని, పై కాలు తిన్నగా లేపి దించండి.

* గోడకు వీపు ఆనించి, నొప్పి లేనంతవరకే కొద్దిగా కిందికి జారి, పది లెక్కపెట్టి లేవండి. కుక్కరు కూత పెట్టేలోగా వంటింట్లోనే చేసేయొచ్చు!

నాలుగు రోజుల్లో గుణం కనిపించలేదని వదిలేయకండి. 6 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి.

మోకాలు వాచినా, ఎర్రబడి జ్వరం వచ్చినా, మధ్యలో పట్టేసినా, కాలు నిలవక తూలిపోతున్నా, అడుగు మోపలేకపోయినా ఇంటి చిట్కాలతో కాలక్షేపం చేయకుండా వెంటనే ఎముకల డాక్టరుకి చూపించండి. నొప్పి మాత్ర మింగి పరుగెత్తడం మాత్రం వద్దే వద్దు.

రోజంతా ఇంటిల్లిపాది కోసం పరుగులు పెట్టే మీకు, మీకోసమంటూ దొరికేది ఆ అరగంటే. దాన్ని వదులుకోకండి. బూట్లు అటక మీంచి దించండి మరి!