కోటలు లేని కౌంటీ

చారిత్రక స్థలమంటే రాజుల కోటో, శాసనం చెక్కిన రాయో, శిథిల దేవాలయమో అయి ఉండాలనే అభిప్రాయం మన పల్లెల్లో బాగా పాతుకొని ఉన్నది. పాత బడిని గాని, ఇటుక బట్టీని గాని ఆ లెక్కలో చూసేవారు అరుదు. అమెరికా దక్షిణ ప్రాంతంలో, అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీ చరిత్ర తెలుసుకుంటే ఈ అభిప్రాయం మార్చుకోక తప్పదు.

కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటిదే. అయితే 2020 జనాభా లెక్కల ప్రకారం మేకన్ కౌంటీలో ఉన్నది 20 వేల మంది లోపే. ఒకప్పుడు అంతా పత్తి చేలు, ఆ చేలలో నల్లజాతి బానిసలు. 1865లో బానిసత్వం రద్దయినా చాలామంది పాలికాపులుగా అవే చేలలో, అప్పుల్లో మిగిలారు. అటువంటి చోట నేడు రెండు జాతీయ చారిత్రక స్థలాలున్నాయి. ఒకటి బడి, రెండవది విమానాల మైదానం.

బడి పుట్టుక వెనుక ఓట్ల బేరం ఒకటున్నది. టస్కీగీ పట్టణంలో లూయిస్ ఆడమ్స్ అనే రేకుపనివాడు ఉండేవాడు. ఆయన ఒకనాటి బానిస. నల్లవారి ఓట్లు కావలసి ఒక తెల్ల అభ్యర్థి తన వద్దకు రాగా, ఓట్లకు బదులు తమ పిల్లలకు పాఠశాల కావాలని ఆడమ్స్ అడిగాడు. డబ్బో, సారాయో అడగలేదు. అభ్యర్థి గెలిచాడు, మాట నిలబెట్టుకున్నాడు. రాష్ట్ర శాసనసభ జీతాల కోసం ఏడాదికి 2,000 డాలర్లు మంజూరు చేసింది. స్థలం లేదు, భవనం లేదు. 1881 జులై 4న సుమారు 30 మంది విద్యార్థులతో ఒక చర్చి పక్కనున్న పాకలో పాఠశాల మొదలైంది. పంతులు బుకర్ టి. వాషింగ్టన్, బానిసగా పుట్టిన పాతికేళ్ల యువకుడు. (ఈయనను గురించి గాంధీజీ 1903లోనే దక్షిణాఫ్రికాలో తమ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో రాశారు.)

భవనాలకు ఇటుక కావాలి. కొనే స్తోమత లేదు. విద్యార్థులే మన్ను తొక్కి ఇటుకలు కోశారు. బట్టీ మూడుసార్లు చెడింది. చివరికి వాషింగ్టన్ తన గడియారం తాకట్టు పెట్టి 15 డాలర్లు తెచ్చి మళ్లీ పేర్పించాడు. నాలుగవ బట్టీ సరిగ్గా కాలింది. గడువు దాటిపోవడంతో గడియారం మాత్రం తిరిగి చేతికి రాలేదు. ఆ ఇటుకలు బాగున్నాయని తర్వాత చుట్టుపక్కల తెల్లవారు సైతం కొనుక్కుపోయారు. 1899లో కట్టిన ఆయన ఇల్లు, విద్యార్థుల చేతి పనే, నేటికీ నిలిచి ఉన్నది. ఈ విద్యాలయాన్ని 1974లో జాతీయ చారిత్రక స్థలంగా అమెరికా కాంగ్రెస్ గుర్తించింది.

1896లో ఇక్కడికి వచ్చిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ రైతులకు మరింత దగ్గరివాడు. ఏటేటా పత్తే వేసి నేల సత్తువ పీల్చేశారనీ, వేరుశనగ, అలసంద, చిలగడదుంప మార్చి మార్చి వేయాలనీ ఆయన చెప్పాడు. వేరుశనగ వెన్న ఆయనే కనిపెట్టాడని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. అది నిజం కాదు. ఆయన చేసిన అసలు మేలు వేరే ఉన్నది. బడికి రాలేని రైతు వద్దకు బడినే పంపాలని 1906లో పనిముట్లు, విత్తనాలు వేసుకొని ఒక బండి ఊరూరా బయలుదేరింది. ఆయన పేర వెలసిన ప్రదర్శనశాల విద్యాలయం వారి పాత చాకిరేవు భవనంలోనే ఉన్నది.

రెండవది మోటన్ విమాన మైదానం. నల్లవారు విమానం నడపలేరని సైన్యంలో పెద్దలు వాదించిన రోజుల్లో, 1941 నుంచి టస్కీగీలో సుమారు వెయ్యి మంది పైలట్లు తయారయ్యారు. 1998లో దానికీ జాతీయ హోదా వచ్చింది.

ఇంతవరకు అంతా గర్వించదగినదే. అయితే 1932లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ ఇదే కౌంటీలో ఒక పరిశోధన ప్రారంభించింది. 399 మంది సిఫిలిస్ రోగులు, ఆ రోగం లేనివారు 201 మంది, అందరూ నల్లవారు, ఎక్కువమంది పేద రైతులు. ‘రక్తం చెడింది’ అని మాత్రమే వారికి చెప్పారు. ఉచిత భోజనం, చనిపోతే ఖననం ఖర్చులు ఆశ చూపారు. పెన్సిలిన్‌తో రోగం నయమవుతుందని 1940లలో తేలిన తర్వాత కూడా ఆ మందు ఇవ్వలేదు. రోగం ముదిరితే ఏమవుతుందో చూడాలన్నదే ఉద్దేశం! 1972లో పత్రికలు బయటపెట్టే వరకు ఇది 40 ఏళ్లు సాగింది. అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997లో. అప్పటికి బతికి ఉన్నవారు కొద్దిమందే.

ఇటువంటి సంగతులు తవ్వుకోవడం ఎందుకు, ఊరికి చెడ్డపేరు కాదా అనేవారు ఎక్కడైనా ఉంటారు. వారి వాదం నిలిచేది కాదు. చెడ్డపేరు మోసం చేసినవారిది, మోసపోయినవారిది కాదు. గొప్పలకు ఫలకం వేసి, గాయానికి తెర కప్పితే రెండవ తరం వారికి సగం ఊరే తెలుస్తుంది.

నొటసల్గా అనే చిన్న ఊరి వద్ద షైలో చర్చి ఉన్నది. ఆ పరిశోధనకు మనుషులను చేర్చుకున్న చోట్లలో అదొకటి. దాని పక్కనే చెక్కతో కట్టిన రోజెన్‌వాల్డ్ బడి. వాషింగ్టన్ పూనికతో, వర్తకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ విరాళంతో దక్షిణాది పల్లెల్లో దాదాపు 5,000 బడులు లేచాయి. తొలి బడులు ఈ ప్రాంతంలోనివే. దాత సొమ్ము కొంత మాత్రమే. మిగిలినది ఊరివారు చందాలుగా, స్థలంగా, ఒళ్లు వంచి చేసిన పనిగా ఇచ్చుకున్నారు. విద్యాలయానికి, విమాన మైదానానికి కేంద్ర ప్రభుత్వం అండ ఉన్నది. షైలో చర్చినీ బడినీ నిలబెట్టుకొనే బాధ్యతను అక్కడి జనమే తలకెత్తుకొని సంఘంగా ఏర్పడ్డారు. రెండూ ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉన్నాయి. ఆ మందు అందక పోయినవారిలో కొందరి సమాధులు అక్కడి శ్మశానంలోనే ఉన్నాయి.