బొమ్మ పొట్టలో ఏమున్నది?

చేతి ఆటయంత్రమును విప్పి చూచిన బాలుని దండించుట మన యిండ్లలో పరిపాటి. వస్తువు పాడైనదని తల్లి, పైకము దండుగయైనదని తండ్రి, చదువు చెడినదని ఉపాధ్యాయుడు, ముగ్గురును వంతులవారీగా మందలింతురు. ఆ బాలుడు ఆట మాని చదువ నారంభించిన క్షణముననే వానికి శిక్ష పడుచున్నదని వారిలో ఒక్కరికిని తోచదు.

విరుగగొట్టుట వేరు, విప్పుట వేరు. ఈ భేదము కృష్ణాతీరమువారికి తెలియనిది కాదు. కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, తలయు చేతులును మొండెమును వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండితో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. ఆ పని ఒక పూట చూచినవానికి బొమ్మలో రహస్యమేమియు మిగులదు. విజయవాడ ఆటోనగరులో లారీ ఇంజనును నట్టునట్టుగా విప్పి, తుడిచి, మరల బిగించుచు పని నేర్చినవారెందరో కలరు. డెల్టా కాలువలపై లాకుల తలుపులు నీటి నెట్లు నిలుపునో, పడవ నెట్లు దింపునో గట్టున నిలిచిన పశులకాపరి సైతము చెప్పగలిగినాడు. ఆ యంత్రములు కంటికి కనబడుచు పనిచేసినవి. నేటి బాలుని చేతి యంత్రమో, మూతపడియే పుట్టుచున్నది.

1990ల దశకమున మన తిరునాళ్లలోను బజారులలోను విరివిగా అమ్ముడుపోయిన ఇటుకల ఆటయంత్రము నొకదానిని తీసికొందము. పెట్టెపై '9999 ఆటలు' అని ఘనముగా అచ్చువేసియుండెడిది. వెనుకనున్న మరమేకులు తీసిన చాలును, దాని ఐశ్వర్యమంతయు బయటపడును. ఒక్కటే పలక, మీటల క్రింద రబ్బరు చాప, చాప అడుగున నల్లని కర్బనపు చుక్కలు. మీట నొక్కగనే ఆ చుక్క పలకమీది రెండు రాగిదారులను కలుపును, ప్రవాహము సాగును. ధ్వనికి నాణెమంత బిళ్ల యొకటి. నడుమ నల్లని జిగురుబొట్టు. మెదడంతయు దాని క్రిందనే సమాధియైయున్నది. ఇక తెరయో, అడ్డముగా 10, నిలువుగా 20, మొత్తము 200 గడులు. ఆ గడులు గాజుమీద ముందే ఏర్పడినవి. ఆటస్థలమున వానితో కూర్చలేని ఆకార మేదియు పుట్టదు. అట్టిచో 9999 ఆటలెక్కడివి? కొలదిపాటి ఆటలనే వేగములు మార్చి, మెట్లు మార్చి లెక్కపెట్టి చూపినారు. ప్రకటనలోని అతిశయోక్తిని స్క్రూడ్రైవరుతో కనిపెట్టిన బాలుడు అలంకారశాస్త్రమునందును ఒక పాఠము చదివినట్లే.

దీనికి పెద్దన్న వంటిది 1989లో జపానుదేశపు నింటెండో సంస్థ వెలువరించిన గేమ్‌బాయ్. దాని లోపల రెండు పలకలు, వానిని కలుపు పట్టీతీగ. ముందుపలకపై తెరయు మీటలును, వెనుకపలకపై గణనము చేయు చిప్పును, జ్ఞాపకపు చిప్పులును. తెరలో 160కి 144 చొప్పున 23,040 చుక్కలు. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. ఆ ఏటనే వచ్చిన అటారీ లింక్స్, మరుసటి యేడు వచ్చిన సేగా గేమ్‌గియర్ రంగుల తెరలతో మెరిసినవి. కాని ఆరేసి బ్యాటరీలను కొన్ని గంటలలోనే త్రాగివేసినవి. గేమ్‌బాయ్ నాలుగింటితో పది గంటలకు పైగా ఆడినది. దాని నిర్మాణమునకు సారథియైన గున్‌పెయి యొకోయి, పాతబడి చౌకయైన పరికరములనే క్రొత్త ఊహతో వాడవలెనని నమ్మినవాడు. ఆ నమ్మకము పలకమీద కంటికి కనబడును. తరువాతి రంగుల రూపముతో కలిపి పదకొండు కోట్లకు మించి అమ్ముడుపోయినదన్న, చౌకవస్తువులతో చేసిన పని చిన్నపని కాదు గదా!

'చిప్పు మూసియుండగా విప్పి చూచినను తెలియున దేమి?' అని భౌతికశాస్త్రోపాధ్యాయులు అడుగవచ్చును. ఈ ఆక్షేపణను త్రోసివేయరాదు. చిప్పులోని ట్రాన్సిస్టరు మామూలు కంటికి ఆనదు. అయినను దాని ధర్మము డెల్టా బాలునికి క్రొత్తది కాదు. అది తూము వంటిది. కొద్దిపాటి విద్యుత్తు తలుపెత్తినచో పెద్దప్రవాహము సాగును, దింపినచో ఆగును. అట్టి తూములు వేలకొలది చేరి లెక్కలు చేయును. ఇంటర్మీడియట్ విద్యార్థి లాజిక్ ద్వారముల పట్టికలను కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనుచున్నాడు. ఆ ద్వార మున్న వస్తువు తన జేబులోనే యున్నదని ఎరుగడు. బట్టీయమునకు పేరుబడిన ఈ విజయవాడలో ఈ లోటు మరింత బాధాకరము. గేమ్‌బాయ్ వంటి వానిలో కొన్ని చిప్పుల వీపున సంఖ్యలున్నవి. వానిని పట్టుకొని లక్షణపత్రములు వెదకి చదువవచ్చును. జిగురుబొట్టుకు ఆ భాగ్యము లేదు. ఎంతవరకు తెలియును, ఎక్కడ తెలియదు అను హద్దును చేతితో తడిమి చూచుట ఏ పాఠ్యపుస్తకములోను లేదు.

తెలుగునాట ఈ విద్య లేకపోలేదు. పశ్చిమగోదావరిజిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ట్రాంబేలో స్వయముగా రూపొందిన పరికరముల అనుభవమునే పెట్టుబడిగా 1967లో హైదరాబాదున ఈ.సీ.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పిరి. విదేశపు పెట్టెను తెచ్చి, మూత తెరువక వాడుకొని తృప్తిపడియుండినచో ఆ సంస్థ పుట్టెడిదే కాదు.

కంపెనీలకు మాత్రము మూత తెరచుట గిట్టదు. గేమ్‌బాయ్ పైమూతకు మూడురెక్కల మరమేకులు బిగించినారు. సామాన్యపు స్క్రూడ్రైవరు వానిలో దూరదు. కొన్నవానికి తన వస్తువును బాగుచేయించుకొను హక్కు ఉండవలెనని కేంద్రప్రభుత్వము 2022 జూలైలో ఒక సంఘమును నియమించినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే అందుకొక పోర్టలును తెరచినది. 2016లో ఆరంభమైన అటల్ పథకము క్రింద ప్రయోగశాలలు మంజూరైన పాఠశాలలకు 20 లక్షల రూపాయలవరకు సాయ మిచ్చు ఏర్పాటు జరిగినది. మంచిదే. కాని క్రొత్తపెట్టెలు చెడునేమోయని బీరువాకు తాళమువేసినచో ఆ ధనము గోదాములో ధాన్యము వంటిది. చెడిపోయిన యంత్రమునకు ఆ భయము లేదు.

పద్ధతి కష్టమైనది కాదు. ఒకడు విప్పును, ఇంకొకడు ఏ మరమేకు ఏ రంధ్రములోనిదో కాగితముపై బొమ్మ గీయును, మూడవవాడు భాగముల పేర్లు తెలుగులో వ్రాయును. మరల బిగించుట అందరి పని. ఒక మరమేకు మిగిలినదా, మొదటికి రావలసినదే. సెల్‌ఫోనును మాత్రము పిల్లలచే విప్పింపరాదు. దానిలోని లిథియం బ్యాటరీకి సూదిమొన తగిలినను మంట లేచు ప్రమాదమున్నది. గోడలోని కరెంటుతో నడచు వస్తువులును వలదు. పాత ఇటుకల ఆటకు సామాన్యముగా రెండు పెన్సిలు బ్యాటరీలు, మూడు వోల్టులు. ముందు వానిని తీసివేసినచో చాలును. అట్టివి ఎన్నో యిండ్ల అటకలమీద దుమ్ముపట్టి పడియున్నవి. వానిని దింపించి బడికి తెప్పించుటకు దసరా సెలవుల తరువాతి మొదటి సోమవారము చక్కని అదను.