కఱవు కనబడలేదట!

ఈ టపా కొంత ఘాటుగా ఉండును, మన్నించగలరు.

మొన్న పుంగనూరు నుండి నా పూర్వ విద్యార్థిని ఒకామె మదనపల్లెకు వచ్చి, తన ఎం.ఏ. వ్యాసమును చూపినది. విశ్వవిద్యాలయము పేరు అనవసరం. కుప్పం మాత్రం కాదు. పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు పుస్తకాలను అంతర్జాలంలో వెదకి, 1876–78 నాటి మహాక్షామాన్ని ఆనాటి రచయితలు పట్టించుకొనలేదని తేల్చినది. మంచి మార్కులే వచ్చినవట!

"ఎట్లు వెదకితివమ్మా?" అని అడిగితిని. "కరువు అని కొట్టినాను సార్, ఒకటీ రాలేదు" అన్నది.

ఎట్లు వచ్చును? ఆనాటి వారు వ్రాసినది ‘కఱవు’. బండి ఱ వేసి మరల వెదకించితిని. తెర నిండినది. అమ్మాయి ముఖం చిన్నబోయినది. తప్పు ఆమెది కాదు. పరికరము చేతికిచ్చి అక్షరము నేర్పని చదువుది.

పాత పంతులు యంత్రమును చూసి జడియుచున్నాడని అనుకొనకండి. 1852 నాటి బ్రౌను నిఘంటువు నేడు వ్రేలికొనపై ఉన్నందుకు నాకంటె సంతోషించువాడు లేడు. కాని ఆ బ్రౌనే 1829లో వేమన పద్యాలను అచ్చువేయుటకు ముందు వ్రాతప్రతులు సేకరించి, పండితులతో కూర్చుండి సరిచూచినాడు. మనము మీట నొక్కి, వచ్చినదే సత్యమనుచున్నాము.

వర్ణక్రమ భేదమును యంత్రమే సర్దుకొనునట్లు చేయవచ్చునని కొందరందురు. చేయండి, సంతోషం. కాని జనులు దానిని ‘ధాత కరువు’ అన్నారనీ, ధాత యనునది 1876లో మొదలైన సంవత్సరమనీ వెదకువానికి ఎవరు చెప్పవలెను? చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అంతకు ముందు మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు, కుప్పం ఉత్తరార్కాటులోనివి. ‘చిత్తూరు జిల్లా కరువు’ అని వెదకిన బిడ్డకు మన ఊళ్ళ ఆకలి చావులు దొరకవు. దొరకలేదు గనుక జరుగలేదని వ్రాయును. ఇదే నా భయం.

ఉన్న పరికరములతోనే ఎంత చక్కని పాఠము చెప్పవచ్చును! కన్యాశుల్కమునే చూడండి. 1897 ముద్రణ వేరు, గురజాడ పెంచి తిరుగవ్రాసిన 1909 ముద్రణ వేరు. రెండింటినీ తెరపై ప్రక్కప్రక్కన నిలిపి, ఏది మారెనో, ఎందుకు మారెనో విద్యార్థుల చేతనే చెప్పించవచ్చును. మరల టైపు చేసిన పాఠము ప్రక్కన మూలపుట ఛాయాచిత్రమును తప్పక ఉంచవలెను. టైపు చేసినవారు ఱకారమును రకారముగా ‘దిద్దిరా’, అక్షరములను గుర్తించు యంత్రము అరసున్నను మచ్చయనుకొని విడిచినదా అన్నది పుటయే చెప్పును.

1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినప్పుడు, తెలుగు, తమిళ, కన్నడములు కలియు ఈ మూలకు ఉన్నత భాషాధ్యయనము వచ్చినదని పొంగిపోయితిని. ఇట్టి పాఠమునకు అంతకంటె తగిన చోటేది? ఆ క్షామము ఈ మూడు భాషలవారినీ మ్రింగినదే. మూడు భాషల పుస్తకాలను ఒకే బల్లపై తెరచి చదివించవచ్చును గదా!

యూనికోడులో బండి ఱకు, అరసున్నకు చోటున్నది. మన తరగతి గదులలోనే వాటికి కఱవు వచ్చినది.