జ్వరం ఊళ్లో, వైద్యం పట్నంలో



తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ తొలి నెలల్లో జిల్లాల్లో ఎవరికి పాజిటివ్ వచ్చినా సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రే దిక్కు. మన కట్టంగూర్ మీదుగా పోయే హైవే మీద అంబులెన్సు చప్పుడు వింటేనే గుండె ఝల్లుమనేది. రోగం కంటే, అయినవాళ్లకు దూరమవుతామన్న భయమే ఎక్కువగా ఉండేది.

2021 మే నాటికి పద్ధతి మారింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి జ్వరం ఉందా అని అడిగారు, మందుల కిట్లు ఇచ్చారు. వైద్యం గడప దాకా వచ్చింది.

అయితే అన్నీ కిందివాళ్లకే వదిలేస్తే సరిపోతుందా? టీకాల సంగతి చూడండి. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్ల వారి టీకాలను రాష్ట్రాలే కొనుక్కోవాలన్నారు. కేంద్రానికి ఒక ధర, రాష్ట్రాలకు మరో ధర. రెండు తెలుగు రాష్ట్రాలూ గ్లోబల్ టెండర్లు పిలిచినా ఫలితం లేకపోయింది. చివరికి జూన్ 21 నుంచి కొనుగోలు భారాన్ని చాలావరకు కేంద్రమే మళ్లీ తీసుకుంది.

విదేశాల్లోనూ ఇదే పాఠం. జర్మనీలో దేశమంతటా ఉన్న ల్యాబులు, సుమారు 400 స్థానిక ఆరోగ్య కార్యాలయాలు మొదట్లోనే పరీక్షలను, రోగుల గుర్తింపును వేగంగా నడిపాయి. అన్నీ పైనుంచే నడిపే బ్రిటన్ పరీక్షల్లో తడబడింది. అదే బ్రిటన్ 2020 డిసెంబరు 8నే టీకాలు మొదలుపెట్టి ముందు నిలిచింది.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒంటరిగా తీర్పు తీర్చడం చూసి, మామ యిత్రో హెచ్చరించాడు: ఇలాగైతే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు. అందుకే పదిమందికి ఒకరు, యాభైమందికి ఒకరు చొప్పున పెద్దలను నియమించమన్నాడు. కష్టమైన సంగతులు మాత్రం మోషే దగ్గరికే వచ్చేవి. ఆ సలహాలో మోషే బాధ్యత తగ్గలేదు, పని పంచబడింది.

టీకా కొనడం, ధర తేల్చడం ఢిల్లీ పని. జ్వరాన్ని పసిగట్టడం, ధైర్యం చెప్పడం ఊరి పని. ఊరికి పని అప్పగించి డాక్టరును, మందులను, ఆక్సిజన్‌ను ఇవ్వకపోతే అది వికేంద్రీకరణ కాదు, చేతులు దులుపుకోవడం.

కాబట్టి ప్రియులారా, వచ్చే గ్రామసభలో మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో అడగండి. రోగుల కోసం మోకరించే సంఘం, వారి పక్షాన నోరు విప్పడం కూడా నేర్చుకోవాలి.