వాన అంచనా తప్పితే దాచాలా?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత. అయినా ఏటా ఏప్రిల్‌లో వాతావరణ శాఖ తొలి అంచనా వెలువడగానే పప్పుల బజారులోనూ, నూనె గింజల బజారులోనూ కదలిక మొదలవుతుంది. వానలు బాగుంటాయంటే నిల్వదారులు సరుకు వదులుతారు. లోటు అంటే తేజీదారులు రంగంలోకి దిగుతారు. తీరా అంచనా తప్పితే, “ఈ జోస్యాలు చెప్పకపోతేనే మేలు” అనే మాట కమీషన్ కొట్లలో వినిపిస్తుంది. ఈ మాట కొత్తది కాదు. ఒకప్పుడు పాలకులు దానిని అమలు చేశారు కూడా. కనుక ఆ శాఖ తొలినాళ్ల చరిత్రను వర్తకులు ఒకసారి తిరగవేయడం మంచిది.

1864 అక్టోబరు 5న పెను తుపాను కలకత్తాను ముంచింది. నెల తిరగకుండానే, నవంబరు 1న, మచిలీపట్నాన్ని ఉప్పెన ఊడ్చివేసింది. అక్కడ సుమారు 30,000 మంది మరణించారు. మరుసటి ఏడాదే కలకత్తా రేవులో ఓడలకు తుపాను హెచ్చరికలిచ్చే ఏర్పాటు మొదలైంది. 1866, 1871లలో వానలు దెబ్బతీశాయి. అప్పటికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉన్న పరిశీలనలను ఒక్క గొడుగు కిందికి తెస్తూ 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని బాధ్యత హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞునికి అప్పగించారు.

మరుసటి ఏడాదే ధాత కరవు వచ్చిపడింది. బళ్లారి, కర్నూలు, కడప సీమలు అల్లాడిపోయాయి. వాన సంగతి ముందుగా చెప్పే మార్గం వెదకమని ప్రభుత్వం బ్లాన్‌ఫర్డ్‌ను కోరింది. హిమాలయాలపై మంచు ఎక్కువగా పడిన ఏడు మైదానాలలో వానలు తగ్గుతాయని ఆయన గమనించాడు. 1882 నుంచి కొన్నేళ్లు పరీక్షగా అంచనాలు వేసి, 1886 జూన్ 4న తొలి సక్రమ అంచనా వెలువరించాడు.

ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ మంచుతో ఆగలేదు. హిందూ మహాసముద్రం, ఆస్ట్రేలియా వాతావరణాన్ని కూడా లెక్కలోకి తెచ్చాడు. కానీ 1899లో లెక్క తలకిందులైంది. వానలు సాధారణానికి మించి ఉంటాయన్నారు. వచ్చింది ఘోరమైన అనావృష్టి. మన బజార్లలోని మార్వాడీ వర్తకుల ఇళ్లలో ‘ఛప్పనియా’ అని చెప్పుకునే కరవు అదే. అది విక్రమ శకం 1956వ సంవత్సరం. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. చివరికి అంచనాలను కొన్నేళ్లపాటు ప్రభుత్వానికి మాత్రమే తెలిసే రహస్య పత్రాలుగా ఉంచారు.

మన దృష్టిలో అసలు తప్పు ఇదే. అంచనా తప్పడం శాస్త్రంలో లోపం. దానిని దాచడం బజారుకు అన్యాయం. సమాచారం కార్యాలయపు నాలుగు గోడల మధ్య ఉంటే ఎవరికి లాభం? అక్కడ పరిచయాలున్న పెద్ద వర్తకునికే గాని, తాలూకా కేంద్రంలోని చిన్న వ్యాపారికి కాదు, రైతుకు అసలే కాదు. ప్రకటన లేనిచోట పుకారు రాజ్యమేలుతుందని బజారులో తిరిగినవారికి చెప్పనక్కరలేదు.

తప్పిన అంచనా నష్టం కలిగించదా అని అడగవచ్చు. కలిగిస్తుంది. అయితే దానికి మందు లెక్కను మెరుగుపరచడమే. 1904లో శాఖాధిపతిగా వచ్చిన గణిత శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వాకర్ ఆ పనే చేశాడు. దేశదేశాల పీడన, ఉష్ణోగ్రత, వర్షపాత రికార్డులను పోల్చి చూసి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడనం త్రాసు తట్టలవలె ఊగుతుందని 1920లలో తేల్చాడు. నేడు ప్రతి వ్యాపారి నోట వినిపించే ఎల్ నినో కథకు ఇది సగభాగం.

అయినా పొరపాట్లు పోలేదు. 2002లో దీర్ఘకాల సగటులో 101 శాతం వాన కురుస్తుందన్నారు. కురిసింది 81 శాతమే. ఆ దెబ్బతో మరుసటి ఏడాది పద్ధతి మార్చారు. ఇప్పుడు లోటుకు ఎంత అవకాశం, సాధారణానికి ఎంత అవకాశం అన్నది శాతాలలో చెబుతున్నారు. 96 నుంచి 104 శాతం వరకు ‘సాధారణం’ కిందకే వస్తుంది. సీజన్ ముగిశాక తమ అంచనా ఎంతవరకు నిలిచిందో నివేదిక కూడా ఇస్తున్నారు.

వర్తక సంఘాలకు మా సూచన ఒక్కటే. ఆ నివేదికను ప్రతి ఏటా మార్కెట్ యార్డులో కొత్త అంచనా పక్కనే అతికించండి. దేశమంతటికీ సాధారణం అన్నంత మాత్రాన అనంతపురం వేరుశనగకు అదనులో వాన పడుతుందని కాదు. శీర్షిక చూసి గిడ్డంగి నింపేవాడు, ఖాళీ చేసేవాడు వాతావరణ శాఖను నిందించి ప్రయోజనం లేదు. అంచనా బహిరంగంగా ఉండాలి, దాని తప్పొప్పుల చిట్టా కూడా అంతే బహిరంగంగా ఉండాలి. బేరం చేసేవాడు రెండూ చదివి చేయాలి.