భూమి సర్కారుది, పంట రైతుది.. మరి నష్టం ఎవరిది?

2023 జులై 20న మన కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఇక్కడ కాకినాడ పోర్టులో ఎగుమతిదారులు తలలు పట్టుకుంటే, అక్కడ వియత్నాంలో ధర పరుగు పెట్టింది. కొద్ది నెలల్లోనే టన్ను 600 డాలర్లు దాటింది. ఆ ఏడాది వియత్నాం 80 లక్షల టన్నులకు పైగా బియ్యం అమ్ముకుంది. 2024 సెప్టెంబర్‌లో మన నిషేధం ఎత్తేశారు. 2025 మొదట్లో అదే బియ్యం 400 డాలర్ల కిందికి పడిపోయింది.

అక్కడ పాలించేది కమ్యూనిస్టు పార్టీ. చట్టం ప్రకారం భూమి మొత్తం ప్రజలది, దాన్ని చూసుకునేది ప్రభుత్వం. అలాంటి దేశంలో రైతు తన పంట ధర కోసం ఢిల్లీ ఉత్తర్వు వైపు చూసే పరిస్థితి ఎలా వచ్చింది? ఇది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

గంట కొడితే పని, పాయింట్లకు కూలి

ఒకప్పుడు ఉత్తర వియత్నాంలో సాగంతా సహకార సంఘాల చేతిలో ఉండేది. గంట కొడితే పొలానికి వెళ్లాలి. పనికి పాయింట్లు వేస్తారు, పంట వచ్చాక పాయింట్ల లెక్కన ధాన్యం పంచుతారు. ఎక్కువ కష్టపడినా, తక్కువ కష్టపడినా ఇంటికి వచ్చేదాంట్లో పెద్ద తేడా ఉండదు. ఇక ఎవరు ఒళ్లు వంచుతారు? ఇంటి అవసరాలకని ప్రతి కుటుంబానికీ వదిలిన చిన్న చెక్క మాత్రం పచ్చగా ఉండేది.

దీన్ని మొదట గుర్తించిన వాళ్లలో విన్ ఫుక్ ప్రావిన్స్ పార్టీ కార్యదర్శి కిమ్ న్గోక్ ఒకరు. 1966లోనే ఆయన పొలాన్ని కుటుంబాలకు ఒప్పందంపై ఇప్పించారు. దిగుబడి పెరిగింది. కానీ పార్టీ ఒప్పుకోలేదు. 1968లో ఆపించి, ఆయన చేత తప్పు ఒప్పించింది. ఆయన 1979లో చనిపోయారు. చాలా ఏళ్ల తర్వాత అదే ప్రభుత్వం ఆయనను గౌరవించింది.

1981 జనవరిలో పార్టీ 100వ నంబర్ ఆదేశంతో ఒక అడుగు ముందుకేసింది. సంఘానికి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలింది కుటుంబానిదే అన్నారు. మొదట బాగానే నడిచింది. తర్వాత ఇవ్వాల్సిన వాటా పెంచుకుంటూ పోయారు. రైతుకు మళ్లీ మనసు విరిగింది.

1986లో ద్రవ్యోల్బణం 700 శాతం దాటింది. ఆ డిసెంబర్‌లో పార్టీ మహాసభ 'దోయ్ మోయ్' పేరుతో సంస్కరణలు ప్రకటించింది. 1988 ఏప్రిల్‌లో వచ్చిన 10వ నంబర్ తీర్మానం పొలాన్ని నేరుగా కుటుంబం చేతిలో పెట్టింది. 1988లో కూడా బియ్యం దిగుమతి చేసుకున్న దేశం, 1989లో 14 లక్షల టన్నులు ఎగుమతి చేసింది!

1993 భూచట్టం సాగు హక్కును వార్షిక పంటలకు 20 ఏళ్లకు ఇచ్చింది. 2013 చట్టం దాన్ని 50 ఏళ్లు చేసింది. ఆ హక్కును కౌలుకివ్వచ్చు, తాకట్టు పెట్టచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. జనం 'ఎర్ర పుస్తకం' అని పిలిచే ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లచ్చు. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం 1993లో 58 శాతం ఉన్న పేదరికం 2008కి 14 శాతం దగ్గరికి వచ్చింది. ఇందులో పరిశ్రమల పాత్ర కూడా ఉంది. కానీ పునాది మాత్రం పొలంలోనే పడింది.

లెక్కలో రెండో వైపు

కామర్స్‌లో మొదట నేర్పేది ఒకటే: లాభం ఎవరిదో చూస్తే చాలదు, రిస్క్ ఎవరిదో కూడా చూడాలి. వియత్నాం సంస్కరణలు లాభాన్ని రైతుకిచ్చాయి. దాంతోపాటు రిస్క్ కూడా అతని నెత్తినే పెట్టాయి.

కాఫీ సంగతే చూడండి. 1990లలో వియత్నాం రైతులు కొండ ప్రాంతాల్లో కాఫీ తోటలు విపరీతంగా వేశారు. కొద్ది కాలంలోనే బ్రెజిల్ తర్వాత స్థానానికి చేరారు. ప్రపంచ మార్కెట్లో సరుకు ఎక్కువై, 2001 నాటికి ధర కుప్పకూలింది. చెట్లు నరికేసుకున్న రైతులున్నారు.

వరిదీ అదే దారి. మనలా కనీస మద్దతు ధర ప్రకటించి, ప్రభుత్వమే పెద్ద ఎత్తున ధాన్యం కొనే ఏర్పాటు అక్కడ లేదు. మెకాంగ్ డెల్టాలో వ్యాపారి ముందుగా అడ్వాన్స్ ఇస్తాడు. ధర పడిపోతే ఆ అడ్వాన్స్ వదులుకుని రాకుండా పోవడం అక్కడ కొత్త కాదు. కోసిన ధాన్యం ఎన్ని రోజులు ఆపుకోగలడు రైతు? దీనికి తోడు 2025 సెప్టెంబర్ 1 నుంచి కొన్ని నెలల పాటు వాళ్ల అతిపెద్ద కొనుగోలుదారు ఫిలిప్పీన్స్ దిగుమతులు ఆపేసింది. తన రైతుకు ధర రావడం లేదని!

భూమి విషయంలోనూ భయం పోలేదు. యజమాని ప్రభుత్వమే కాబట్టి కావాలంటే వెనక్కి తీసుకోగలదు. 2012 జనవరిలో హాయ్ ఫాంగ్ దగ్గర తియెన్ లాంగ్‌లో ఒక చేపల రైతు కుటుంబం తుపాకులతో అధికారులను ఎదిరించింది. చివరికి ప్రధానమంత్రే ఆ ఖాళీ చేయించడం చట్టవిరుద్ధమని తేల్చారు.

మనకు సంబంధం ఏంటి?

మన దగ్గర పరిస్థితి తలకిందులు. మద్దతు ధర ఉంది, కానీ చాలామంది కౌలు రైతుల చేతిలో కాగితం లేదు. దున్నేది ఒకరు, బ్యాంకు రికార్డులో పేరు ఇంకొకరిది. అక్కడ కాగితం ఉంది, ధరకు అడుగున పట్టు లేదు. రైతుకు రెండూ కావాలి. ఒకటే ఇచ్చి సంస్కరణ పూర్తయిందంటే కుదరదు.

ఇంకో మాట. ఎగుమతి నిషేధం పెడితే మన వంటింట్లో బియ్యం ధర అదుపులో ఉంటుందని మనం సంతోషిస్తాం. తప్పు లేదు, నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్లకు అది అవసరమే. కానీ ఆ తగ్గింపు ఖర్చు ఎవరో భరిస్తారు. నిషేధం ఉన్నన్నాళ్లు మన రైతు భరించాడు, ఎత్తేశాక మెకాంగ్ రైతు భరించాడు. ఈసారి అలాంటి ఉత్తర్వు వస్తే కిలో ఎంత తగ్గింది అని అడగడంతో ఆగొద్దు. ఆ బిల్లు ఎవరి పేరు మీద వెళ్లిందో కూడా అడుగుదాం.