అవకాడో: దేనికి బదులు తింటున్నట్టు?

నగరాల పండ్ల దుకాణాల్లో అవకాడో 'గుండెకు మంచిది' అన్న పేరు మీదే అమ్ముడవుతోంది. ఆ పేరు ఊరికే రాలేదు. అమెరికాలో 1.1 లక్షల మంది ఆరోగ్యరంగ ఉద్యోగులను 30 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. వారానికి కనీసం ఒక కాయంత తిన్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 16 శాతం తక్కువగా కనిపించింది.

ప్రకటనల్లో కనిపించని మాట కూడా అందులోనే ఉంది. వెన్న, చీజ్, ప్రాసెస్ చేసిన మాంసం వంటివాటికి బదులు అవకాడో తింటే ముప్పు తగ్గుతుందని లెక్క తేలింది. ఆలివ్ నూనె, గింజపప్పులకు బదులు తింటే మాత్రం అదనపు మేలేమీ లేదు. అదే ఏడాది వెలువడిన మరో పరీక్షలో దాదాపు వెయ్యిమందిలో సగం మంది ఆరు నెలలు రోజుకో కాయ తిన్నారు. పొట్టలోపలి కొవ్వు తగ్గలేదు. చెడు కొలెస్ట్రాల్ తగ్గింది గానీ స్వల్పంగానే. దీనికి డబ్బిచ్చింది అవకాడో వ్యాపార మండలే!

ఇందులో వింతేమీ లేదు. అవకాడో కొవ్వులో అధికభాగం ఓలిక్ ఆమ్లం. వేరుశనగ నూనెలో ప్రధానంగా ఉండేదీ అదే. పల్లీ చట్నీతో ఇడ్లీ తినే ఇంటికి ఈ ఖరీదైన కాయ కొత్తగా తెచ్చిపెట్టేది తక్కువేననుకోవడం సబబు. పీచు మాత్రం బాగానే ఉంది, 100 గ్రాములకు సుమారు 7 గ్రాములు. పొటాషియం అరటిపండులో కన్నా ఎక్కువ కాబట్టి మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టర్ని అడిగాకే తినాలి.